వైరస్ జబ్బుకు ఏ పరీక్ష? కార్డు, ఎలీసా, పీసీఆర్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు: ఏది ఎప్పుడు

"డాట్రుబాబూ, ఆ పెద్ద మైక్రోస్కోపులో పెట్టి సూసేస్తే ఏ వైరసో తెలిసిపోద్ది కదేటి?"

జ్వరాల సీజన్లో శ్రీకాకుళంలో ల్యాబు కిటికీ దగ్గర కూర్చునేవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. కోవిడ్ రోజుల్లో టీవీల్లో పదేపదే చూపించిన ఆ ముళ్ల బంతి బొమ్మ జనం మనసులో నిలిచిపోయింది. వైరస్‌ను కంటికి చూపించే యంత్రం ఉండగా ఈ గీతల కార్డులేమిటి, "రెండ్రోజులాగి రండి" అనడమేమిటి అన్నది వాళ్ల అనుమానం. అందులో తప్పేమీ లేదు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జ్వరంతోనో కామెర్లతోనో ఆసుపత్రికి వచ్చే మనిషికి ఆ పెద్ద మైక్రోస్కోపు, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, అక్కర్లేదు. చేతిలో ఎంత డబ్బున్నా అక్కర్లేదు. దాని అవసరం పడే సందర్భాలు వేరే ఉన్నాయి. అవి తక్కువే, కానీ వచ్చినప్పుడు మాత్రం అది తప్ప దిక్కుండదు. ఏది ఎప్పుడు అడగాలో, ఏది అడగక్కర్లేదో తెలిస్తే డబ్బూ మిగులుతుంది, రోజులూ కలిసొస్తాయి.

పేరు పెట్టి అడిగే పరీక్షలు, ఊరికే చూసే పరీక్ష

డెంగీ కార్డు, ఎలీసా (వైరస్ ప్రొటీన్‌నో, దాని మీద శరీరం తయారుచేసే యాంటీబాడీనో రక్తంలో పట్టే ల్యాబు పరీక్ష), పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) అన్నీ ఒక జాతివి. "ఫలానా వైరస్ ఉందా?" అని పేరు పెట్టి అడుగుతాయి. ఉంటే ఉందంటాయి, లేకపోతే లేదంటాయి. అడగని వైరస్ పక్కనే ఉన్నా ఒక్క మాట చెప్పవు. సంతలోకి వెళ్లి "అప్పన్న వచ్చాడా?" అని అడగడం పీసీఆర్ పని. గట్టు మీద నిలబడి ఎవరెవరు వచ్చారో చూడటం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పని. అప్పన్న కోసమే వెళ్లినవాడికి మొదటి పద్ధతే వేగం, చవక. ఎవరొచ్చారో అసలు తెలియనప్పుడు గట్టెక్కక తప్పదు.

అయితే ఆ గట్టు మీద నుంచి చూసేవాడికి సంత పలచగా ఉంటే ఎవరూ కనబడరు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వైరస్ కనబడాలంటే ఒక్కో మిల్లీలీటరు శాంపిల్లో సుమారు పది లక్షల వైరస్ కణాలైనా ఉండాలి. పీసీఆర్ అలా కాదు, పదుల్లోనో వందల్లోనో ఉన్నా వాటిని కోట్ల కాపీలు చేసి పట్టిస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే మిగిలిన ఎంపిక సగం తేలిపోయినట్టే.

ఆ యంత్రం అసలు ఏం చూస్తుంది

మలేరియాకు రక్తపూత తీసి మామూలు మైక్రోస్కోపులో చూస్తారని సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మలేరియా పరాన్నజీవి దానికి దొరుకుతుంది, ఎందుకంటే దాని సైజు మైక్రాన్లలో (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. వెలుతురుతో పనిచేసే మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. డెంగీ వైరస్ 50 నానోమీటర్లు, పోలియో 30, రోటా 70 పైచిలుకు. అంటే దాదాపు వైరస్‌లన్నీ ఆ హద్దుకు కిందే ఉంటాయి. మనుషులకు జబ్బు తెచ్చేవాటిలో మశూచి ఉండే పాక్స్ కుటుంబం వైరస్‌లే ఆ హద్దు దాకా వస్తాయి.

వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లను వాడిన యంత్రాన్ని 1931లో జర్మనీలో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ కట్టారు. రుస్కాకు నోబెల్ వచ్చింది 1986లో. ఇంత ఆలస్యంగా గుర్తింపు పొందిన యంత్రాలు తక్కువ. ఆయన తమ్ముడు హెల్ముట్ డాక్టరు. ఈ యంత్రం వైద్యానికి పనికొస్తుందని మొదట పట్టుకున్నది ఆయనే. 1939లో పొగాకు మొక్కల జబ్బైన పొగాకు మొజాయిక్ వైరస్‌ను కంటితో చూసిన బృందంలో ఆయన ఉన్నాడు.

శాంపిల్ తయారీ చూస్తే, ఇంత పెద్ద యంత్రానికి ఇంత చిన్న పనా అనిపిస్తుంది. మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న రాగి జల్లెడ బిళ్ల ఒకటుంటుంది. దాన్ని గ్రిడ్ అంటారు. పైన కార్బన్ పూసిన పలచటి పొర. దాన్ని సన్నని ఫోర్సెప్స్‌తో పట్టుకుని శాంపిల్ చుక్క మీద ఒక నిమిషం ఆనిస్తారు. అంచుకు ఫిల్టర్ పేపరు తగిలిస్తే తడి లాగేస్తుంది. తరవాత ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లమో యురనైల్ ఎసిటేటో ఒక చుక్క వేసి మళ్లీ ఒత్తేస్తారు. ఆ లోహపు లవణం వైరస్ చుట్టూ చేరి ఆరిపోతుంది. యంత్రంలో పెట్టి గాలంతా లాగేశాక, చీకటి గదిలో ఆకుపచ్చగా మెరిసే తెర మీద చుట్టూ నలుపు, మధ్యలో తెల్లగా వైరస్ కనబడుతుంది. నెగెటివ్ స్టెయినింగ్ అనే ఈ పద్ధతిని 1959లో బ్రెన్నర్, హార్న్ అందరికీ పనికొచ్చేలా సులువు చేశారు. తయారీకి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు.

అసలు కష్టం ఆ తరవాతే. తెర ముందు కూర్చున్న మనిషి గ్రిడ్‌లో ఒక్కో గడినీ వెతుక్కుంటూ పోవాలి. "లేదు" అని రాయాలంటే ఒక్కో గ్రిడ్‌ను కనీసం పావుగంటైనా చూసి ఉండాలి. మలం శాంపిల్లో చెత్త, బ్యాక్టీరియా తోకలు, బ్యాక్టీరియాను తినే ఫేజ్‌లు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఏది వైరసో ఏది కాదో చెప్పడం ఏళ్ల అనుభవంతో వచ్చే విద్య. యంత్రాన్ని కోట్లు పెట్టి కొనుక్కోవచ్చు, ఆ కళ్లను కొనుక్కోలేం. పైగా కరెంటు నిలకడగా ఉండాలి, నేల అదరకూడదు, వాక్యూమ్ తప్పకూడదు. జిల్లా ఆసుపత్రుల్లో ఇది ఎందుకు లేదని అడిగేవాళ్లకు జవాబు ఇదే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ, ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదు సీసీఎంబీ లాంటి చోట్ల ఉంటుంది.

కళ్లతో చూసినంత మాత్రాన నిజం అయిపోదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. 2020లో కోవిడ్‌తో చనిపోయినవాళ్ల కిడ్నీ కణాల్లో కరోనా వైరస్ కనిపించిందంటూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలతో కొన్ని పరిశోధన వ్యాసాలు వచ్చాయి. అనుభవజ్ఞులు చూసి, అవి వైరస్‌లు కావు, కణంలో మామూలుగా ఉండే సంచుల్లాంటి భాగాలు అని తేల్చారు. సైజు దాదాపు అదే, చుట్టూ ముళ్లలాంటి అంచు కూడా అలాగే ఉంటుంది మరి.

ముఖం చూసి ఇంటిపేరు చెప్పగలదు, అసలు పేరు చెప్పలేదు

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వైరస్ ఆకారం చూపిస్తుంది. ఆకారాన్ని బట్టి కుటుంబం తెలుస్తుంది. ఆ కుటుంబంలో ఎవరన్నది తెలియదు. హెర్పిస్ కుటుంబంలో ఆటలమ్మ వైరస్, పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్, సైటోమెగలో వైరస్ ఉన్నాయి. తెర మీద మూడూ ఒకలాగే ఉంటాయి.

ఒకప్పుడు ఈ కుటుంబం పేరే చాలేది. మశూచి రోజుల్లో డాక్టరుకు ఎదురయ్యే పెద్ద టెన్షన్ ఒక్కటే: ఈ పొక్కులు ఆటలమ్మా, మశూచా? ఆటలమ్మయితే వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. మశూచయితే ఊరంతటికీ టీకాలేసి, ఇంటిని విడిగా ఉంచాలి. మశూచిది పాక్స్ కుటుంబం, ఇటుక ఆకారం. ఆటలమ్మది హెర్పిస్ కుటుంబం, గుండ్రం. పొక్కు రసం ఒక చుక్క గ్రిడ్ మీద పెడితే గంటలో తేలిపోయేది. 1940ల చివర నుంచి ఈ పరీక్ష వాడారు. వైరస్ వ్యాధి నిర్ధారణలో ఈ యంత్రం చేసిన తొలి పెద్ద పని అదే అనుకోవచ్చు.

ఇప్పుడు అదే పొక్కు మంకీపాక్స్ అనుమానంతో వస్తే పీసీఆరే దారి. 2022లో కేరళలో బయటపడిన మొదటి కేసు నుంచీ దేశంలో వాడుతున్నది అదే. తెర మీద ఇటుక ఆకారం కనబడితే పాక్స్ కుటుంబమని తెలుస్తుంది, మంకీపాక్సని తెలియదు. ఆటలమ్మ కాదని తేల్చుకోవడానికైతే ఇప్పటికీ ఇది మంచి సాధనమే.

ఒక మాట పశువుల గురించి. గొర్రెలు, మేకలు కాసేవాళ్ల వేళ్ల మీద ఒక్కోసారి గట్టి గడ్డలాంటి పుండు లేస్తుంది. మందకు మూతి చుట్టూ పుండ్లు కట్టే ఆర్ఫ్ అనే జబ్బు చేతికి అంటుకుని వచ్చేదది. ఆర్ఫ్‌ది కూడా పాక్స్ కుటుంబమే, అయినా దాని కణం కోలగా, ఒంటి మీద అడ్డదిడ్డం గీతలతో ఉంటుంది కాబట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దాన్ని వేరుగా గుర్తుపట్టేస్తుంది. పశువుల నుంచి అంటే ప్రమాదకరమైన ఆంత్రాక్స్ ఏమోనని హడలిపోయే వేళ ఈ జవాబు చాలా పెద్ద ఊరట.

జ్వరం: ఇక్కడ తేదీదే పెత్తనం

జ్వరానికి ఏ పరీక్ష మంచిదని అడిగితే నేను ఎదురు అడిగేది "జ్వరం ఎప్పుడు మొదలైంది?" అని. డెంగీ తీసుకుందాం. మొదటి అయిదు రోజుల్లో వైరస్ తాలూకు ఎన్‌ఎస్1 అనే ప్రొటీన్ రక్తంలో తిరుగుతుంది. కాబట్టి ఆ రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష. అయిదో రోజు దాటాక మన శరీరం తయారుచేసే ఐజీఎం యాంటీబాడీ కనబడటం మొదలవుతుంది, కాబట్టి అప్పుడు ఐజీఎం ఎలీసా. రెండో రోజున ఐజీఎం చేయించి "నెగెటివ్ వచ్చింది, డెంగీ కాదు" అనుకోవడం, ఎనిమిదో రోజున ఎన్‌ఎస్1 ఒక్కటే చేయించి అలాగే అనుకోవడం, రెండూ మన ఊళ్లలో రోజూ జరుగుతున్నవే. యంత్రం తప్పు లేదు, పరీక్ష తప్పు కాదు, రోజు తప్పు.

కార్డు పరీక్షకూ ఎలీసాకూ తేడా ఉంది. కార్డు పావుగంటలో గీత చూపిస్తుంది, వందల్లో అయిపోతుంది, పల్లెలో కూడా చేయొచ్చు. కానీ పొరపాట్లు ఎక్కువ. అందుకే ప్రభుత్వ డెంగీ కార్యక్రమం కార్డును లెక్కలోకి తీసుకోదు, ఎలీసాతో తేలితేనే డెంగీ అని రాస్తుంది. ఎలీసాకు ప్లేటు నిండేదాకా శాంపిళ్లు పోగుచేస్తారు కాబట్టి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఆ రోజుల్లో వైద్యం ఆగదు, రిపోర్టు కోసం ఆగక్కర్లేదు కూడా. డెంగీకి వైరస్‌ను చంపే మందు లేదు. చూసుకోవాల్సింది నీళ్లు, బీపీ, కడుపునొప్పి, రక్తస్రావం. ప్లేట్లెట్లు తగ్గడం డెంగీకి రుజువు కాదు, చాలా జ్వరాల్లో తగ్గుతాయి.

డెంగీ పీసీఆర్ మొదటి రోజుల్లో బాగా పనిచేస్తుంది, నాలుగు రకాల్లో ఏ రకమో కూడా చెబుతుంది. ఆ రకం సంగతి జిల్లాలో వ్యాధి తీరు గమనించేవాళ్లకు కావాలి. మంచం మీదున్న మనిషికి దానితో పనిలేదు. వేలు పోసి చేయించుకోమని ఎవరైనా అంటే "దీంతో మందు మారుతుందా?" అని అడగండి.

మరి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు? రక్తంలో ప్రొటీన్ల గుంపు మధ్య 50 నానోమీటర్ల గుండ్రటి డెంగీ కణాన్ని వెతకడం బుద్ధున్నవాడు చేసే పని కాదు. కనబడినా అది ఫ్లావీ కుటుంబమనే చెప్పగలం, డెంగీయో మెదడువాపు వైరసో చెప్పలేం.

కామెర్ల సంగతి ఇంకా తేలిక. హెపటైటిస్ ఏ, ఈలకు ఐజీఎం, బీకి హెచ్‌బీఎస్ యాంటిజెన్, సీకి యాంటీబాడీ. మామూలు రక్త పరీక్షలే. హెపటైటిస్ ఏ వైరస్‌ను 1973లో ఫైన్‌స్టోన్, కపికియాన్, పర్సెల్ మలంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనే కనిపెట్టారు. ఒకసారి పట్టుబడ్డాక దానికి యాంటీబాడీ పరీక్ష పుట్టింది, యంత్రం పక్కకు తప్పుకుంది. ఈ రంగంలో చరిత్ర అంతా ఇంతే. పసరు పోయించుకోవడానికి వెళ్లే ముందు ఈ నాలుగు పరీక్షలు చేయించండి. ముఖ్యంగా బీ, సీ ఉంటే పసరు వెనకాల పోయిన ప్రతి నెలా కాలేయానికి నష్టమే.

వాంతులు, విరేచనాలు: ఇక్కడ యంత్రానికి గౌరవం దక్కింది

మలంలో వైరస్‌లు కుప్పలుతెప్పలుగా ఉంటాయి. రోటా వైరస్ జబ్బు ముదిరిన పిల్లల మలంలో గ్రాముకు వేల కోట్ల కణాలు ఉండొచ్చు. పది లక్షలుంటే చాలనే యంత్రానికి ఇది పండగే. అందుకే విరేచనాల వైరస్‌లు దాదాపు అన్నీ ఈ యంత్రం కింద దొరికినవే. అమెరికాలో నార్వాక్ అనే ఊరి బడిలో 1968లో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. కారణం తెలియలేదు. దాచిపెట్టిన ఆ శాంపిల్‌కు, జబ్బు తగ్గినవాళ్ల సీరం కలిపి 1972లో కపికియాన్ చూశాడు. సీరంలోని యాంటీబాడీలు వైరస్‌లను ముద్దగా పోగుచేశాయి, కంటికి దొరికాయి. ఇప్పుడు మనం నోరోవైరస్ అంటున్నది దాన్నే. మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పిల్లల పేగు ముక్కల్లో రోటా వైరస్‌ను చూసింది. చక్రంలా ఉందని దానికి ఆ పేరు. 2016లో దేశంలో మొదట రోటా టీకా చుక్కలు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయించే చుక్కలు అవే.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు. అలాంటి వేళ పరీక్షల వరస ఎలా ఉండాలి? ముందు తాగునీటి పరీక్ష, మలానికి కల్చర్ (ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి చూడటం). కలరా, ఇతర బ్యాక్టీరియాను తేల్చుకోవడం అన్నిటికన్నా ముందు పని. బ్యాక్టీరియా దొరక్కపోతే, చిన్నపిల్లలే ఎక్కువ పడుంటే రోటా ఎలీసా, హాస్టల్లో అన్ని వయసులవాళ్లకూ ఒకేసారి వాంతులయితే నోరో పీసీఆర్. అవీ నెగెటివ్ అయి, మనుషులు ఇంకా పడుతూనే ఉంటే అప్పుడు ఆరేడుగురి శాంపిళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పంపడంలో అర్థముంది. ఒక్కరిది పంపితే లాభం తక్కువ. జబ్బు మొదలైన రెండు రోజుల్లోపు తీసినవైతేనే మంచిది, తరవాత కణాల సంఖ్య పడిపోతుంది. ఇది ఇంటివాళ్లు నిర్ణయించే విషయం కాదు, జిల్లా వైద్యాధికారులు చూసుకునేది. ఇంటివాళ్లు చేయాల్సింది ఓఆర్‌ఎస్ పట్టించడం, మొదటిరోజే శాంపిల్ ఇవ్వడం.

2003: తెలుగు పిల్లల మీద పడ్డ పిడుగు

ఈ యంత్రాన్ని కొట్టిపారేయకూడదని చెప్పడానికి మనకు దూరం పోనక్కర్లేదు. 2003 వేసవి చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆపై స్పృహ లేకపోవడం. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. అందరి అనుమానమూ మొదట జపనీస్ మెదడువాపు మీదే. ఆ పరీక్షలు అది కాదన్నాయి. తెలిసిన పేర్లన్నీ అడిగి చూశారు, ఏదీ పలకలేదు.

పుణె సంస్థలో శాంపిళ్లను బతికున్న జీవకణాల్లో పెంచితే ఏదో ఒకటి పెరిగింది. ఏమిటది? పేరు పెట్టి అడిగే పరీక్షకు ఏ పేరని ఇవ్వాలి? గ్రిడ్ మీద పెట్టి చూస్తే తుపాకీ గుండు ఆకారం. అంటే రాబ్డో కుటుంబం, పిచ్చికుక్క కాటు వైరస్ ఉండే కుటుంబం. వందల వైరస్‌ల జాబితా ఒక్క చూపుతో వేళ్ల మీద లెక్కపెట్టేంత అయిపోయింది. ఆ కుటుంబానికి చెందిన యాంటీబాడీలతో సరిచూస్తే 1965లో నాగపూర్ దగ్గర చాందీపురా ఊళ్లో దొరికి, పెద్ద ప్రమాదకారి కాదనుకుని వదిలేసిన వైరస్ అని తేలింది. ఆ తరవాత దానికి పీసీఆర్ తయారై రోగుల శాంపిళ్లలోనూ దొరికింది. ఇప్పుడు ఈ వైరస్‌ను మోసే ఇసుక ఈగ కుట్టే కాలంలో పిల్లలకు ఇలాంటి లక్షణాలొస్తే నేరుగా చాందీపురా పీసీఆర్ చేస్తారు, ఎవరూ గ్రిడ్ తీయరు. ఆ దారి వేసింది మాత్రం ఆకారం చూసిన ఆ చూపే.

కోవిడ్‌లో క్రమం తిరగబడింది. 2020 జనవరి 30న కేరళలో దేశపు తొలి కేసు పీసీఆర్‌తో తేలింది, ఎందుకంటే వైరస్ జన్యుక్రమం అప్పటికే ప్రపంచానికంతా తెలుసు. పుణె సంస్థ ఆ గొంతు స్వాబ్‌లోని వైరస్ ఫొటో ప్రచురించింది ఆ తరవాత. అది రుజువుకూ రికార్డుకూ పనికొచ్చింది, నిర్ధారణకు కాదు. ఇక ముందు కూడా ఇలాగే ఉండొచ్చు. శాంపిల్లోని జన్యుపదార్థాన్నంతా చదివేసే సీక్వెన్సింగ్ చవకవుతున్న కొద్దీ, పేరు తెలియని వైరస్‌ను పట్టే పని దానికే వెళ్తోంది. నన్నడిగితే రెండూ ఉండాలి. జన్యువు ముక్క దొరికినంత మాత్రాన అక్కడ పూర్తి వైరస్ ఉన్నట్టు కాదు, వైరస్ కణం కనబడితేనే ఆ నమ్మకం.

పీసీఆర్ కూడా దేవుడేమీ కాదు. వైరస్ మారిపోయి, మనం అడిగే ముక్క దగ్గరే తేడా వస్తే అది పలకదు. ఒమిక్రాన్ వచ్చినప్పుడు కొన్ని కిట్లలో ఎస్ జన్యువు కనబడకుండా పోయింది. మిగతా జన్యువులను కూడా అడిగే కిట్లు కాబట్టి పట్టుబడింది. అలాగే జబ్బు తగ్గాక కూడా వైరస్ చచ్చిన ముక్కలకు వారాల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. తగ్గిందా లేదా అని మళ్లీ మళ్లీ పీసీఆర్ చేయించుకోవడం వృథా ఖర్చు.

ఉద్దానం వాళ్లకు ఈ పేరు ఎందుకు ఎదురవుతుంది

మన జిల్లాల్లో మామూలు మనిషి చేతికొచ్చే కాగితం మీద "ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ" అన్న మాట ఉందంటే, నూటికి తొంభై పాళ్లు అది కిడ్నీ బయాప్సీ (సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) కాగితమే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఎన్ని ఇళ్లలో కిడ్నీ ఫైలు ఉందో చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచాక ఈ మాటలు ఇంకా దగ్గరయ్యాయి. ఉద్దానం జబ్బును వైరస్ జబ్బుగా ఎవరూ లెక్కించరు. అక్కడ బయాప్సీలో ఈ యంత్రం వాడితే కిడ్నీ వడపోత పొరలు ఎలా ఉన్నాయో చూడటానికే వాడతారు. "ఎలక్ట్రాన్ పరీక్ష రాశారు, లోపల ఏదో వైరస్ ఉందట" అని బెంగపడొద్దు.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు నిజంగానే వైరస్ ప్రశ్న ఉంది. బీకే అనే వైరస్ చిన్నప్పుడే మనలో చాలామందిలో చేరి కిడ్నీల్లో నిద్రపోతూ ఉంటుంది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మందులతో రోగనిరోధకశక్తి తగ్గగానే లేస్తుంది. కిడ్నీ సరిగా పనిచేయనప్పుడు రక్తంలో పేరుకునే క్రియాటినిన్ పెరుగుతుంది. ఇక్కడే చిక్కు. శరీరం కిడ్నీని తిరస్కరిస్తున్నా క్రియాటినిన్ పెరుగుతుంది. తిరస్కరణ అయితే మందుల మోతాదు పెంచాలి. బీకే అయితే తగ్గించాలి. రెండూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం, ఊహతో నడిచే విషయం కాదు.

దీనికి వరస ఇది. మొదటి ఏడాది రక్తంలో బీకే పీసీఆర్ ఎప్పటికప్పుడు చేస్తారు. అది మానొద్దు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కన్నా ఎన్నో రెట్లు ముందుగా హెచ్చరిస్తుంది. సంఖ్య పెరిగి, క్రియాటినిన్ కూడా పెరిగితే బయాప్సీ. అందులో ఎస్‌వీ40 అనే ప్రత్యేక రంగు పరీక్ష చేస్తారు. చాలాసార్లు దానితోనే తేలిపోతుంది. తేలకపోతే, లేక రంగుకు లొంగని వేరే వైరస్ అనుమానముంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. కణకేంద్రకంలో 45 నానోమీటర్ల గుండ్రటి కణాలు బారులు తీరి ఉంటే బీకే కుటుంబం, 70 నుంచి 90 దాకా ఉంటే అడినో. ఇది పావుగంట పని కాదు. ముక్కను గట్టిపరిచి, రెసిన్‌లో పోసి, వజ్రపు కత్తితో నూరు నానోమీటర్ల లోపు మందాన కోయాలి. రిపోర్టుకు రోజులు, ఒక్కోసారి వారాలు. మందుల మార్పు అంతదాకా ఆగదు కాబట్టి, దాన్ని అదనపు సాక్ష్యంగానే చూడాలి.

బయాప్సీ రోజున ఇంటివాళ్లు ఒక్క మాట అడగొచ్చు: "ఎలక్ట్రాన్‌కు కూడా ముక్క తీస్తున్నారా, దానికి వేరే సీసా ఉందా?" ఎందుకంటే ముక్కను మూడుగా చేస్తారు. మామూలు పరీక్షకు ఫార్మలిన్, ఇమ్యునోఫ్లోరసెన్స్ అనే మెరిసే రంగు పరీక్షకు సెలైన్ లాంటి వేరే ద్రవం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు గ్లుటరాల్డిహైడ్. అంతా ఒకే ఫార్మలిన్ సీసాలో పడితే మధ్యది చేయడం కుదరదు, మూడోది చేసినా బొమ్మ సరిగా రాదు. మళ్లీ సూది పొడిపించుకోవాల్సి రావచ్చు. విశాఖ దాకా పోయి వచ్చిన కష్టమంతా సీసా దగ్గర పోగొట్టుకోవద్దు.

రొయ్యల రైతుకు ఓ మాట

ఇది మనుషుల జబ్బు కాదు గానీ, మన తీరంలో వైరస్ పరీక్షలకు ఎక్కువ డబ్బు పెడుతున్నది బహుశా రొయ్యల రైతులే. తెల్లమచ్చ వైరస్ 1994లో దేశంలోకి వచ్చి చెరువుల్ని తుడిచిపెట్టింది. ఒక చివర తోకలాంటి పోగుతో కోలగా ఉండే ఆ కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే చూపించింది. ఈ రోజు సీడు, అంటే రొయ్య పిల్లలు, కొనేటప్పుడు కావాల్సింది పీసీఆర్ రిపోర్టు. "పెద్ద మైక్రోస్కోపులో చూపించిన సీడు" అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే నమ్మొద్దు. పిల్లలో వైరస్ కొద్దిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, ఆ పని పీసీఆర్‌దే.

శాంపిల్ ఇచ్చేటప్పుడు

పీసీఆర్ స్వాబ్ అయితే వైరస్ చెడిపోకుండా ఉంచే వీటీఎం ద్రవంలో, ఐస్ ప్యాకులతో థర్మోకోల్ డబ్బాలో పోవాలి. పలాస నుంచి విశాఖ దాకా కారు డిక్కీలో ఎండకు పెట్టి తీసుకెళ్తే నెగెటివ్ రావడానికి వైరస్ లేకపోవడమే కారణం కానక్కర్లేదు. ఈ విషయంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ఓ సుఖముంది: దానికి వైరస్ బతికి ఉండనక్కర్లేదు. పొక్కు రసం గాజు స్లైడు మీద ఆరిపోయినా, పొక్కు చెక్కు రాలి పొడిగా ఉన్నా సరిపోతుంది. ఐసు లేని చోట నుంచి పంపాల్సి వస్తే ఇది చిన్న విషయం కాదు. వైరస్ కల్చర్‌కు మాత్రం అది బతికే ఉండాలి, వారాలు పడుతుంది, రోగి వైద్యానికి ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు.

ఏ ల్యాబుకు ఇచ్చినా ఫారం మీద మూడు విషయాలు రాయించండి: జ్వరం మొదలైన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, డాక్టరు అనుమానిస్తున్న జబ్బు పేరు. మొదటి రెండూ లేకుండా వచ్చిన నెగెటివ్ రిపోర్టును చదవడం కష్టం. ఇంట్లోనో వీధిలోనో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకే వారంలో జ్వరంతో ఫిట్స్ వస్తే పరీక్షల ఎంపిక మీ తలకెత్తుకోకండి. 108లో పిల్లల్ని ఆసుపత్రికి చేర్చి, వెంటనే ఏఎన్ఎమ్‌కో పీహెచ్‌సీ డాక్టరుకో చెప్పండి. అక్కడి నుంచి జిల్లా వ్యాధుల నిఘా విభాగానికి వార్త వెళ్తుంది, శాంపిళ్లు పుణె పంపాలా అన్నది వాళ్లు చూస్తారు.